అమ్మ అడిగిన కొవ్వొత్తి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకి, ఇన్నేళ్లుగా ఈ గ్రంథాలయం తలుపు మూతపడకుండా చూస్తున్న కార్యవర్గానికి, ఈ బెజవాడ ఎండలో ఇంత దూరం వచ్చిన మీకందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నా గురించి చాలా చెప్పారు. నేను ముప్పై రెండేళ్లు మున్సిపల్ హైస్కూల్లో తెలుగు చెప్పాను. మిగతాదంతా ఆయన అభిమానం.

నాకిచ్చిన అంశం 'మతం - వ్యక్తిగత అభిరుచి'. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. మొదటి పేజీలో రాజ్యాంగం 25వ అధికరణం ఉంది. దానిలో ముందు అంతరాత్మ స్వేచ్ఛ అని ఉంటుంది. మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కు ఆ తర్వాత వస్తుంది. ఆ వరస నాకు చాలా ఇష్టం. మనిషి లోపల ఏముందన్నది ముందు. మనం మాత్రం ఇల్లు అద్దెకి అడగడానికి వచ్చినవాళ్లని గుమ్మంలోనే నిలబెట్టి "మీరేంటండీ?" అంటాం. ఒక్క మాటలో జవాబు వస్తే చాలు మనకి. ఆ దేవుడంటే నీకెందుకిష్టం, ఏ దేవుడూ వద్దనుకుంటే ఎందుకు వద్దనుకున్నావు అని ఎవరూ అడగరు. ఆ 'ఎందుకు' గురించే నేనివాళ మాట్లాడాలి.

ముందు నాది చెప్తాను. నాకు మంగళగిరి పానకాల స్వామి అంటే ఇష్టం. తిరునాళ్ల జనంలో కాదు, మామూలు రోజున, పొద్దున్నే. పూజారిగారు శంఖంతో స్వామి నోట్లో పానకం పోస్తుంటే గుటక వేస్తున్న చప్పుడు వినిపిస్తుంది. చిన్నప్పుడు ఊపిరి బిగబట్టి వినేదాన్ని. ఒకచోట ఆ చప్పుడు ఆగుతుంది. అంతే, ఇక పుచ్చుకోడు. మిగిలిన సగం ప్రసాదంగా మన చేతిలోకి వస్తుంది. బెల్లం, మిరియాలు, యాలకులు. ఎవరెంత బిందె తెచ్చినా సగమే తాగుతాడంటారు. ఇల్లు నడిపిన ఆడదానికి ఆ 'సగం' అంటే ఏమిటో తెలుసు. పిల్లల కంచాల్లో పెట్టాక గిన్నెలో మిగిలేది ఎంతో చూసుకునే మనిషికి, నీకూ ఉంచానమ్మా అనే దేవుడు నచ్చుతాడు. నాకున్న కారణం అదే. ఏ శాస్త్రం చదివీ తెచ్చుకోలేదు.

మా నాన్నగారికి ఏ దేవుడూ లేడు. రైల్వేలో గూడ్స్ గార్డు. సొంతూరు వినుకొండ దగ్గర పల్లెటూరు, అంటే జాషువా గారి పక్క. ఆ ఊళ్లో గుడి ప్రాకారానికి రాళ్లు మోసిన పాలేరుని ప్రతిష్ఠ రోజున వీధిలోనే ఆపేశారట. నాన్నకప్పుడు పదేళ్లు. ఆ పాలేరు రోజూ ఆయన్ని భుజాన ఎత్తుకు తిప్పినవాడు. జాషువా గారి 'గబ్బిలం' 1941లో వచ్చింది. మనిషికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం పోగలదు కాబట్టి తన కష్టం శివుడికి చెప్పమని ఒక పేదవాడు దాన్ని పంపుతాడు. ఆ పద్యాలు చదివేటప్పుడు నాన్న గొంతు మధ్యలో ఆగిపోయేది. పుస్తకం మూసేసి వీధిలోకి వెళ్లిపోయేవారు.

బెజవాడ వచ్చాక ఆయన సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్స్ నుంచి పటమటకి సైకిలు తొక్కుకుంటూ నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి మాటలు వినడానికి వెళ్లేవారు. ముదునూరులో 1940లో పెట్టిన నాస్తిక కేంద్రం 1947లో పటమటకి వచ్చింది కదా. అక్కడ విన్న ఒక సంగతి నాన్న మాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. గోరా గారు తన పెద్దమ్మాయిని దళిత యువకుడికిచ్చి చేయాలనుకున్నారు. ఆ పెళ్లి సేవాగ్రామ్‌లో జరిపిస్తానని గాంధీగారు ఒప్పుకున్నారు. పెళ్లివారు నాస్తికులాయె, తంతులో దేవుడి పేరొస్తే ఎలా? ఆ చోట 'సత్యం' అని మారుస్తానన్నారు గాంధీగారు. రోజూ రాముడి ప్రార్థన చేసే మనిషి! 1948 జనవరి 30న ఆయన్ని చంపేశారు. పెళ్లి ఆ మార్చిలో, అన్నట్టే, సేవాగ్రామ్‌లో జరిగింది. "అవతలివాడి కోసం తన దేవుడి పేరు పక్కన పెట్టాడే, అదీ భక్తి" అనేవారు నాన్న. ఆ మాట అనేటప్పుడు ఆయన కళ్లు చూడాలి మీరు.

ఇక అమ్మ. నిజానికి నేను వచ్చింది అమ్మ గురించి చెప్పడానికే. ఈ కాగితాలు పక్కన పెట్టేస్తున్నాను.

1974లో మా తమ్ముడికి టైఫాయిడ్ వచ్చింది. వాడికి ఎనిమిదేళ్లు. రైల్వే ఆసుపత్రి డాక్టరుగారు క్లోరోమైసెటిన్ రాశారు. ఆరు గంటలకోసారి తప్పకుండా వేయాలి, రాత్రి కూడా. నాన్న గూడ్స్ మీద గూడూరు వైపు వెళ్లారు. అమ్మకి నేనొక్కదాన్నే తోడు, నాకు పదకొండేళ్లు. పక్క క్వార్టర్లో ఒక పిన్నిగారు ఉండేవారు, క్రైస్తవులు. వాళ్లింట్లో ఉన్న ఒకే ఒక అలారం గడియారం పట్టుకుని మా ఇంటికి వచ్చేశారు. ఆరు రాత్రులు. గంట కొట్టగానే లేచి, మాత్ర విప్పి, ఆ పొడి తేనెలో రంగరించి వాడి నోట్లో పెట్టడం, తడిగుడ్డ మార్చడం. నీ వంతు, నా వంతు అని లేదు. అమ్మ కునుకు తీస్తే లేపేవారు కాదు. ఆ గడియారం ఆకుపచ్చ రంగుది, పైన రెండు గంటలు. ఒక గంట సొట్టపోయి ఉండేది. అందుకని దాని మోత టంగ్‌మని కాకుండా కిర్రుమని వచ్చేది. ఇప్పటికీ నాకు ఆ చప్పుడు చెవిలో ఉంది.

జ్వరం దిగాక ఆవిడ అమ్మని గుణదల తీసుకెళ్లారు. అమ్మ కొండెక్కి మేరీమాత దగ్గర కొవ్వొత్తి వెలిగించింది. ఆ తర్వాత ప్రతి ఫిబ్రవరిలో, 9, 10, 11 తేదీల్లో జరిగే తిరునాళ్లలో ఏదో ఒక రోజు వెళ్లేది. మతం మారలేదు. శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం మానలేదు. దసరాకి దుర్గమ్మ గుడి క్యూలో నిలబడటమూ మానలేదు. చుట్టాలు "ఏం, ఆవిడే నీ కొడుకుని బతికించిందా?" అని ఎకసెక్కంగా అడిగితే అమ్మ ఏమనేదో తెలుసా? "మందుతోనే తగ్గింది వదినా. కాని ఆ ఆరు రాత్రులు నా పక్కన కూర్చున్న మనిషికి ఆ తల్లి మీద నమ్మకం. ఆ మనిషి నమ్మిన తల్లికి నేనొక దీపం పెట్టకూడదా?"

నాన్న ఏటా ఆమెను కొండ కిందదాకా తీసుకెళ్లేవారు. పైకి వెళ్లేవారు కాదు. కింద టీ తాగుతూ ఆమె చెప్పులు కాపలా కాసేవారు.

ఇప్పుడు చెప్పేది నేను ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. పోయే ముందు వారం అమ్మ నన్ను పిలిచి, బీరువాలో స్టీలు డబ్బా ఉంది, దాన్లో గుణదల కొవ్వొత్తి ఉంది, తల దగ్గర దీపంతోపాటు అదీ వెలిగించవే అంది. సరేనన్నాను. ఆ రోజు డబ్బా తెచ్చి మూత తీశానో లేదో, మా మామయ్య చెయ్యి పట్టుకున్నాడు. "నలుగురూ ఉన్నారు, పరువు తీస్తావా?" అన్నాడు. పురోహితులవారు "దీపం దీపమే కదండీ, నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. వినలేదు. నాన్న లేచి, "ఆవిడ అడిగింది, వెలిగించండి" అన్నారు. "నమ్మకం లేనివాడివి, నీకేం తెలుసు బావా" అని ఆయన నోరు మూయించారు. దేవుడే లేడనే మనిషి ఒక్కడే ఆ ఇంట్లో ఆమె దేవత కోసం అడిగాడు. నేను మూత పెట్టేశాను. వయసు ముదిరిన టీచర్ని, వందమంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టేదాన్ని. మూత పెట్టేశాను.

అప్పటికే పక్క క్వార్టర్ పిన్నిగారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. లోపలికి రావద్దని ఎవరో చెప్పారట. నాతో "ఒక్కసారి చూడొచ్చా అమ్మా?" అని అడిగారు. ఆ ఆరు రాత్రులు మా ఇంట్లో కూర్చున్న మనిషి గేటు బయట నిలబడి నన్ను అనుమతి అడిగారు. నేను వెనక్కి, మామయ్య వైపు చూశాను. ఆవిడ అర్థం చేసుకుని వెళ్లిపోయారు.

మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ అమ్మకి ఏ దేవుడంటే ఇష్టమో చాలామందికి తెలిసే ఉంటుంది. ఎందుకో తెలుసా? మీ నాన్న గుడికి వెళ్లడం ఏ సంవత్సరం మానేశారో, ఏం జరిగితే మానేశారో అడిగారా? అడిగినవాళ్లు చేతులెత్తండి. ఇద్దరు. ముగ్గురు. ఇవాళ రాత్రి అన్నాలు తినేటప్పుడు అడగండి, దయచేసి. పోయాక వాళ్లకేం కావాలో కూడా అడగండి. ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించండి. మా ఇంట్లో ఆ కాగితం ఉండుంటే మామయ్య చేతిలోంచి నా చెయ్యి విడిపించుకోగలిగేదాన్నేమో.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఇంకొక్క నిమిషం.

ఆ పిన్నిగారు ఇవాళ ఇక్కడే ఉన్నారు, రెండో వరసలో, కిటికీ పక్కన. ఎనభై నాలుగేళ్లు. లేవకండి పిన్నిగారూ, కూర్చోండి. మీరొస్తారని తెలిసే నేనీ సభకి ఒప్పుకున్నాను. ఆ రోజు గేటు తీయనందుకు, ఇంతమంది ఎదుట, నన్ను క్షమించమని అడుగుతున్నాను. ఆ స్టీలు డబ్బా నా సంచిలో ఉంది. కొవ్వొత్తి కొంచెం వంగింది గాని వత్తి బాగానే ఉంది. ఫిబ్రవరిలో కొండెక్కడం మీకు కష్టం. నేను పైకి వెళ్లి వెలిగించి వస్తాను. మీరు కింద నాన్న కూర్చునే చోట కూర్చోండి.