ఆ టోపీ మీద పువ్వు చేసిందెవరు?

నమస్తే అండీ, ఈ ఫోటో దగ్గర ఓసారి వీడియో ఆపి చూడండి. 1911 డిసెంబర్, న్యూయార్క్ మాట్ స్ట్రీట్‌లో ఒక ఇల్లు. తల్లీ పిల్లలూ టేబుల్ చుట్టూ చేరి ఆర్టిఫిషియల్ పువ్వులు చేస్తున్నారు. తీసింది లూయిస్ హైన్. బాల కార్మిక వ్యవస్థ మీద పోరాడిన నేషనల్ చైల్డ్ లేబర్ కమిటీ కోసం తిరుగుతూ, తీసిన ప్రతి ఫోటోకీ వివరాలు రాసేవాడు. దీనికేం రాశాడంటే, 13 ఏళ్ల అమ్మాయి బడి నుంచి వచ్చి ఒక్కోసారి రాత్రి 9 దాకా పనిచేస్తుందట, ఇంటిల్లిపాదీ కష్టపడినా రోజుకి 40, 50 సెంట్లేనట, 20 నెలల పసివాడు ఆ పువ్వులతోనే ఆడుకుంటున్నాడు, ఇంకొన్నాళ్లకి వాడూ ఓ చెయ్యి వేస్తాడని ఇంట్లోవాళ్లు అనుకుంటున్నారట. నాకైతే కడుపు తరుక్కుపోయింది.

అప్పట్లో ఇలాంటి పువ్వులు ఎక్కువగా ఆడవాళ్ల టోపీలకే వెళ్లేవి. ఆ కాలం స్టూడియో ఫోటోల్లో కలిగినింటి ఆవిడ పూల టోపీతో నిలబడుంటుంది, ఇంకొకావిడ ఒళ్లో ఎంబ్రాయిడరీతో తీరిగ్గా కూర్చునుంటుంది. అక్కడ సూది పట్టుకుంటే మంచి పెంపకం, ఇక్కడ అదే చేతిపనికి దక్కింది "చాలా మురికి ఇల్లు" అన్న మాట, ఆ మాట రాసింది కూడా హైనే.

ఆయన మీద నాకు చాలా గౌరవం, పిల్లల్ని పనిలోంచి తప్పించే పోరాటానికి ఆ ఫోటోలు ఎంతో బలమిచ్చాయి. కానీ ఆ తల్లి సంగతేంటి? మిసెస్ అని ఇంటిపేరు రాశాడు, ఆమె సొంత పేరు లేదు. పిల్లల వయసులున్నాయి, సంపాదన ఉంది, ఆమె చేతి నేర్పు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

మన నరసాపురం లేసు కథా ఇంతే కదండీ. మిషనరీలు నేర్పిన పని, విదేశాలకి ఎగుమతి, వ్యాపారం మగవాళ్ల చేతిలో, వంటా పిల్లలూ చూసుకుంటూ మధ్యలో గంటలు గంటలు అల్లి ముక్కకింతని కూలి తీసుకున్న ఆడవాళ్లేమో "ఇంట్లో ఖాళీగా ఉంటారు" అనిపించుకున్నారు.

మీ ఇంటి ఆల్బమ్‌లో లేసు అల్లుతూనో, కుట్టు మిషన్ దగ్గరో ఉన్న అమ్మమ్మ ఫోటో ఉంటే, వెనకాల ఆవిడ పేరు, ఏం పని చేసేది, ఎంత ఇచ్చేవాళ్లు, తెలిసినంతా రాసి పెట్టండి. అడగడానికి మనుషులు ఉండగానే అడగండి.