ఓదార్చని పాటలు

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ ది క్యూర్ 2024 నవంబర్ 1న ఒక ఆల్బమ్ విడుదల చేసింది. పేరు సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్. దీనికి ముందు వాళ్ల ఆల్బమ్ వచ్చింది 2008లో. పదహారేళ్లు ఎదురుచూసిన అభిమానుల చేతికి ఎనిమిది పాటలు అందాయి. అన్నీ కలిపితే యాభై నిమిషాలకు కాస్త తక్కువ. వాటిలో చావు ఉంది, ముసలితనం ఉంది, పోట్లాట ఉంది, చెప్పలేకపోయిన వీడ్కోలు ఉంది. అంతా సర్దుకుంటుందిలే అని వెన్ను తట్టే పాట మాత్రం వెతికినా దొరకదు. అయినా బ్రిటన్‌లో ఇది మొదటి స్థానానికి చేరింది. 1992 తర్వాత ఆ బ్యాండ్‌కు ఆ స్థానం దక్కడం ఇదే మొదటిసారి. కడపలో ఉండి ఈ పాటలు వింటున్న అభిమానిగా, నాకు ఇవి ఎందుకింత దగ్గరయ్యాయో ఈ పూట చెబుతాను.

ముందుగా ఒక అభ్యంతరం గురించి మాట్లాడాలి. మన ఇళ్లలో ఇలాంటి పాటలు పెడితే పెద్దవాళ్లు ఊరుకోరు. "దీపాలు పెట్టే యాళ ఆ ఏడుపుగొట్టు పాటలేందిరా" అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. చావు మాట నోటితో అంటేనే కీడు అనుకునే ఇళ్లు మనవి. రాక్ సంగీతంలో ఆ భయాన్ని కావాలని రెచ్చగొట్టే అలవాటు ఎప్పటినుంచో ఉంది. ది క్యూర్ కూడా ఆ పని చేసింది. 1982లో వచ్చిన వాళ్ల నాలుగో ఆల్బమ్, మనమందరం చచ్చిపోయినా ఏమీ కాదనే అర్థం వచ్చే మాటతోనే మొదలవుతుంది. అప్పటికి గాయకుడు రాబర్ట్ స్మిత్ వయసు 23. ఆ వయసులో ఆ మాట అనడానికి తెగింపు చాలు. కొత్త ఆల్బమ్ వచ్చేసరికి ఆయనకు 65. ఈ మధ్యలో తల్లిని, తండ్రిని, అన్నను పోగొట్టుకున్నాడు. ఇప్పుడు చావు గురించి పాడుతుంటే ఎవరినో ఉలిక్కిపడేలా చేయాలన్న ఆరాటం ఆ గొంతులో లేదు. అందుకే నాకు 1982 నాటి పాటల కన్నా ఇవే ఎక్కువ కలవరం కలిగిస్తాయి.

మొదటి పాట అలోన్. మూడు నిమిషాలు దాటేదాకా మాట వినిపించదు. డ్రమ్స్ నెమ్మదిగా, బరువుగా పడుతుంటాయి. కీబోర్డు పొరలు పొరలుగా కమ్ముకుంటుంది. బ్యాండ్‌లో సైమన్ గ్యాలప్ వాయించే బేస్ గిటార్ అడుగున గరగరమంటూ సాగుతుంది. మన సినిమా పాట అయితే ఈపాటికి పల్లవి, మొదటి చరణం అయిపోయి ఉంటాయి. ఇక్కడ ఆగాల్సిందే. అలా ఆగగలిగినవాళ్లకు, చివరికి గొంతు విప్పి, మనం పాడే ప్రతి పాటకూ ఇదే ముగింపు అని ఆయన మొదలుపెట్టినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. అరవై దాటిన గొంతులో ఆనాటి జీర అలాగే ఉండడం నిజంగా ఆశ్చర్యం.

రెండో పాట అండ్ నథింగ్ ఈజ్ ఫరెవర్. దీని దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఒకరికి వాళ్ల చివరి ఘడియల్లో పక్కనే ఉంటానని మాట ఇచ్చి, నిలబెట్టుకోలేకపోయిన బాధ నుంచి ఈ పాట పుట్టిందని స్మిత్ చెప్పాడు. రాయచోటి, రాజంపేట వైపు వీధుల్లో ఈ బాధ తెలియని ఇల్లు తక్కువ. కువైట్‌లో పనికి పోయినవాళ్లకు ఇంటి దగ్గర అమ్మకో నాన్నకో సీరియస్‌గా ఉందని ఫోన్ వస్తుంది. కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న అక్కడి యజమాని, ఒప్పుకోవాలి, పాస్‌పోర్టు చేతికి రావాలి, టికెట్ దొరకాలి. అన్నీ కుదిరేలోపు ఇక్కడ జరగాల్సింది జరిగిపోతుంది. కడసారి చూపు వీడియో కాల్‌లోనే. పాడె లేచేటప్పుడు ఎవరో ఒకరు ఫోన్ ఎత్తి పట్టుకుంటారు. అవతల ఏడుస్తున్న మనిషి నోట మాట రాదు. "రాలేకపోతిని" అన్న ఆ ఒక్క మాట ఏళ్ల తరబడి గుండెలో ముల్లులా ఉండిపోతుంది. స్మిత్ ఊరు వేరు, భాష వేరు. కానీ ఈ పాటలో ఆయన అడుక్కుంటున్నది ఆ ఘడియలో పక్కన ఒక మనిషి ఉండాలనే. నేను ఈ పాటను ఇంతవరకు పొడి కళ్లతో వినలేకపోయాను.

ఆరో పాట ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై. అన్న రిచర్డ్ పోయిన రాత్రి గురించి రాసుకున్న పాట ఇది. పియానో మీద చిన్న స్వరాల వరుస ఒకటి మళ్లీ మళ్లీ వస్తూ ఉంటుంది. మాటలు చాలా తక్కువ. ఏదో కీడు ఇటు వస్తోంది, అన్న ప్రాణం ఎత్తుకుపోతుంది, అంతే. ఎంతో రాయగలిగిన మనిషి ఇక్కడ ఆ కొన్ని మాటలతో ఆగిపోయాడు. నా దృష్టిలో ఆల్బమ్ మొత్తానికీ ప్రాణం ఈ పాటే.

మనకూ చావు పాటలు కొత్తేమీ కాదు. పల్లెల్లో శవాన్ని పెట్టుకుని తెల్లవార్లూ జాగారం చేసే రాత్రి భజన వాళ్లు వస్తారు. హార్మోనియం, డోలక్, తాళాలు. బ్రహ్మంగారి తత్వాలు ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. ఈ శరీరం తొమ్మిది తూట్ల తోలుతిత్తి, దాని మీద మమకారం ఎందుకు అంటాయి. అక్కడ ఒక ఆసరా ఉంది, పోయిన ప్రాణానికి ఒక దారి ఉంది. ది క్యూర్ పాటల్లో ఆ దారి చూపించేవాళ్లు లేరు. అది లోపం అనేవాళ్లతో నేను ఒప్పుకోను. దుఃఖంలో ఉన్న మనిషికి వెంటనే వేదాంతం చెబితే ఒక్కోసారి కోపం వస్తుంది. తన బాధను కాసేపు బాధగానే ఉండనివ్వమని ఉంటుంది. ఆ కాసేపటికి ఈ ఆల్బమ్ తోడుంటుంది. తత్వం వినే సమయం ఆ తర్వాత ఎటూ వస్తుంది.

అన్ని పాటలూ ఒకే ఎత్తున ఉన్నాయని చెప్పను. డ్రోన్ నోడ్రోన్‌లో గిటార్ల హోరు ఎక్కువ, దాని కింద పాట నలిగిపోయింది. ఏడోది, ఆల్ ఐ ఎవర్ యామ్, వినడానికి బాగానే ఉన్నా ఆరో పాట తర్వాత పలచగా అనిపిస్తుంది. వాటిని దాటి చివరి పాట ఎండ్‌సాంగ్ దగ్గరికి వస్తే పది నిమిషాలు కదలనివ్వదు. 1969లో మనిషి చంద్రుడి మీద కాలుపెట్టినప్పుడు స్మిత్ పదేళ్ల పిల్లవాడు. ఆ సంగతికి యాభై ఏళ్లు నిండిన వేళ, రాత్రిపూట బయట నిలబడి చంద్రుణ్ణి చూస్తూ, ఆనాటి ఆశలన్నీ ఏమైపోయాయని తనను తాను ప్రశ్నించుకుంటే వచ్చిన పాట ఇది. జవాబుగా ఆయనకు దొరికింది శూన్యం. ఆ మాటే మళ్లీ మళ్లీ అంటాడు.

రాక్ సంగీతం అలవాటు లేనివాళ్లు మొదటి పాటతో మొదలుపెట్టకండి, ఆ మూడు నిమిషాలకే విసుగొస్తుంది. ముందు ఆరో పాట వినండి. ఫోన్ స్పీకర్‌లో బేస్ గిటార్ వినిపించదు కాబట్టి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఇంగ్లిష్ పూర్తిగా అర్థం కాకపోయినా పరవాలేదు, ఆ పియానో చాలు. ఇంట్లో ఈ మధ్యనే ఎవరైనా పోయి ఉంటే ఇప్పుడే వినమని నేను చెప్పను. మీకు ఎప్పుడు వినాలనిపిస్తే అప్పుడే వినండి. నమస్కారం.