ప్లస్ 10 మ్యాక్రో లెన్స్ రివ్యూ: లెన్స్ సూపర్, కానీ ఆ స్క్రూ సంగతేంటి?

నమస్కారమండీ, విజయవాడ నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చేశాను. ముందే చెప్పేస్తున్నా, ఈ లెన్స్ నేను కొనలేదు. కంపెనీవాళ్లు రివ్యూ కోసం ఉచితంగా పంపారు, డబ్బులైతే ఇవ్వలేదు. స్పెసిఫికేషన్లు మీరు ఈపాటికే చూసేసి ఉంటారు, అవి మళ్లీ చదవను. నీళ్లలో కెమెరా హౌసింగ్ (నీళ్లు చొరని పెట్టె) ముందు భూతద్దంలా తగిలించే, ప్లస్ 10 పవర్ ఉన్న లెన్స్, దాంతోపాటు పక్కకి తెరుచుకునే ఫ్లిప్ హోల్డర్. అంతే.

"ఒలింపస్ టీజీ-6 కెమెరాలోనే చిన్నవాటిని దగ్గరగా తీసే మైక్రోస్కోప్ మోడ్ ఉందిగా, ఇదెందుకు బ్రో?" అంటారు. నా కెమెరా కూడా అదే. 1 సెంటీమీటర్ దాకా ఫోకస్ అవుతుంది, కాదనను. కానీ అంత పెద్ద హౌసింగ్ తెచ్చి సెంటీమీటర్ దూరంలో పెడితే రొయ్య అక్కడ ఉంటుందా? ఉన్నా దాని మీద మన నీడే పడుతుంది, ఫ్లాష్ వెలుగు లోపలికి దూరదు. ఈ లెన్స్ పెట్టి జూమ్ చేస్తే కాస్త వెనకే ఉండి తీయొచ్చు. 10 సెంటీమీటర్లు దాటితే మాత్రం అంతా మసకే. అది దీని లోపం కాదు, ప్లస్ 10 అంటేనే అంత.

ఇక నాకు పిచ్చిగా నచ్చింది ఈ ఫ్లిప్. నీళ్లలోకి దిగగానే లెన్స్‌కీ హౌసింగ్ గాజుకీ మధ్య గాలి బుడగలు ఇరుక్కుంటాయి. ఒక్కటి మిగిలినా ఫోటోలో మచ్చ. నా పాత లెన్స్ మర తిప్పి బిగించే రకం. అండమాన్‌లో, హేవ్‌లాక్ దగ్గర, నీటి ప్రవాహం తోసేస్తుంటే ఒక చేత్తో హౌసింగ్ పట్టుకుని, ఇంకో చేత్తో దాన్ని విప్పి, బుడగలు వదిలి, మళ్లీ మర కలపాలి. ఆ టెన్షన్‌కే ట్యాంకులో గాలి గబగబా ఖర్చయ్యేది. దీన్ని బొటనవేలితో ఒక్క తోపు తోస్తే చాలు, బుడగలు పోతాయి, మూస్తే క్లిక్. పక్కనుంచి తాబేలు వెళ్తోందనుకోండి, లెన్స్ తెరిచేసి దాన్నీ తీసుకోవచ్చు.

ఇదిగో, ఈ ఫోటో చూడండి. సీ ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్ర జీవి) మీద పోర్సెలిన్ పీత, గోరంత ఉంటుంది. నోటి దగ్గర రెండు విసనకర్రల్లాంటివి ఉన్నాయి కదా? వాటిని ఒకదాని తర్వాత ఒకటి ఆడిస్తూ నీళ్లలో తేలే ప్లాంక్టన్ అనే సూక్ష్మజీవుల్ని వడకట్టుకుని తింటుంది. ఆ వెంట్రుకలు ఎంత విడివిడిగా వచ్చాయో చూడండి! పాత లెన్స్‌తో అక్కడంతా తెల్లగా అలికేసినట్టు వచ్చేది.

ఫోకస్ లోతు, అంటే ఫోటోలో స్పష్టంగా వచ్చే మందం, మాత్రం మిల్లీమీటర్లలోనే. న్యూడిబ్రాంక్ (పెంకు లేని సముద్రపు నత్త) తీసేటప్పుడు తల మీద కొమ్ములుంటాయి, రైనోఫోర్లు, ఫోకస్ వాటి మీదే పెట్టండి. తోక మసకైనా పర్లేదు, కొమ్ములు మసకైతే డిలీటే. కదలకుండా ఉండాలని పగడం మీద మోచెయ్యి ఆనించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గట్టి పగడాలు 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లోకి, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలోకి, వచ్చాయండీ, పులి ఉండేది కూడా అందులోనే. ముందు బోయన్సీ, అంటే నీళ్లలో మునగకుండా, పైకి లేవకుండా నిలకడగా తేలడం, నేర్చుకోండి, లెన్సులు తర్వాత కొందురుగాని.

సరే, చిరాకు సంగతికి వద్దాం. ఈ కీలు దగ్గర బుల్లి స్క్రూ కనిపిస్తోందా? కొన్ని డైవ్‌లకే వదులైపోయింది. కెమెరా కిందకి వంచితే లెన్స్ దానంతటదే తెరుచుకుంటోంది. బిగించాలంటే సన్న సైజు ఎలెన్ కీ (స్క్రూ బిగించే ఆరు పలకల కీ) కావాలి, అది బాక్సులో లేదు! హేవ్‌లాక్‌లో అడిగితే దొరకలేదు. ఇక్కడికొచ్చాక ఆటోనగర్‌లో ఒకాయన డబ్బాడు ఎలెన్ కీలన్నీ బోర్లించి వెతికి ఇచ్చాడు. ఇస్తూ "ఇది ఏ బండి పార్టు బాబూ?" అన్నాడు. ఇంత రేటు పెట్టి ఒక్క కీ ఇవ్వకపోవడం పిసినారితనం కాక ఏంటండీ?

అయినా కొనమనే చెప్తా. ఆ పీత ఫోటో చూశాక వద్దనడానికి నోరు రావట్లేదు. కీ మాత్రం బయల్దేరే ముందే కొని బ్యాగులో పడేసుకోండి. డైవ్ అయ్యాక మంచినీళ్లలో నానబెట్టి కీలుని నాలుగుసార్లు ఆడించండి, లేకపోతే ఉప్పు పట్టేస్తుంది. కీ సైజు డిస్క్రిప్షన్‌లో పెట్టాను.