హాలు కావాలి, కాలేజీ వద్దా?

సభకు నమస్కారం. కమిటీ పెద్దలకు, పొద్దున ఆరింటికే వచ్చి పులిహోర కలిపిన అక్కచెల్లెళ్లకు, ముందు వరుసలో చలికి శాలువాలు కప్పుకుని కూర్చున్న బామ్మలకు, తాతయ్యలకు ఉగాది శుభాకాంక్షలు. పిల్లల చదువులు, మన సంస్కృతి అనే విషయం మీద ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. సంస్కృతి మీద నా తర్వాత ఇద్దరు మాట్లాడతారు. నేను ఈ హాలు గురించి మాట్లాడతాను.

ఇది ఈ ఊరి సిక్స్త్ ఫామ్ కాలేజీ హాలు. ఇక్కడ ఇంగ్లండ్‌లో పదహారు నిండిన పిల్లలు రెండేళ్లు చదువుకునే కాలేజీ అన్నమాట. ఏటా ఉగాదికి, దీపావళికి అద్దెకు తీసుకుంటాం. ఆదివారం తెలుగు బడి కూడా పై అంతస్తులోనే. నేనిక్కడ ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పాను. అన్నేళ్లలో నా క్లాసులో కూర్చున్న తెలుగు పిల్లలు నలుగురు. చేతులెత్తమని అడగనులెండి.

కొత్తగా వచ్చినవాళ్లు ఇది మన ఇంటర్ లాంటిదేనా అంటారు. వయసు అదే. కానీ ఎంపీసీ, బైపీసీ అని కట్టగట్టి ఇవ్వరు. మూడు సబ్జెక్టులు మన ఇష్టం, ఫిజిక్స్ పక్కన మ్యూజిక్ పెట్టుకున్నా ఏమీ అనరు. ఫీజు లేదు. ప్రభుత్వం ఏటా పిల్లల తలకింత అని కాలేజీకి ఇస్తుంది. 2013 నుంచి ఏడేళ్లు ఆ మొత్తం 4,000 పౌండ్ల దగ్గరే ఆగిపోయింది. కరెంటు బిల్లు ఆగలేదు. కొన్నవాటి మీద కట్టే వ్యాట్ పన్ను స్కూళ్లకు వెనక్కొస్తుంది, ఇలాంటి కాలేజీలకు రాదు. పెద్ద కాలేజీ ఎలాగో తట్టుకుంటుంది. ఇక్కడ పదిమంది పిల్లలు తగ్గితే ఒక టీచరు పోయినట్టే. మొదట జర్మన్ పోయింది. తర్వాత మ్యూజిక్. ఫర్దర్ మ్యాథ్స్, అంటే లెక్కల్లోనే పై మెట్టు సబ్జెక్టు, ఆరుగురితో నడిపాను, ఆఖరి ఏడాది లంచ్ బ్రేకులో.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. చూశానండీ. ఇంకొక్క మాట.

ఈఎంఏ అని ప్రభుత్వం ఇచ్చే చదువు భత్యం ఒకటి ఉండేది. ఇంట్లో ఆదాయం తక్కువైతే పిల్లల చేతికే వారానికి 30 పౌండ్ల దాకా వచ్చేవి. 2011లో ఇంగ్లండ్‌లో ఎత్తేశారు. వేల్స్‌లో ఇప్పటికీ ఉంది. ఆ సెప్టెంబరులో నా క్లాసుకు ఒక అమ్మాయి వచ్చింది, లెక్కల్లో చురుకు. సోమవారం వస్తుంది, మంగళవారం రాదు. ఒంట్లో బాగాలేదంటుంది. దసరా రోజుల్లో అనుకుంటా, నిలదీస్తే చెప్పింది: బస్సు డబ్బులు మూడు రోజులకే సరిపోతున్నాయట, ఏ మూడు రోజులు రావాలో టైమ్ టేబుల్ చూసి లెక్కేసుకుంటోందట. ఆ లెక్క కాగితం నాకు చూపించింది కూడా. తప్పు లేదందులో.

కాలేజీ ఇచ్చే సాయం వచ్చేలోపు వారాలు పడుతుంది. మూలనున్న చిప్స్ షాపాయన రిసెప్షన్‌లో ఒక బిస్కెట్ల డబ్బా పెట్టించాడు, బస్సు చార్జీల కోసం. గురుద్వారా వాళ్లు నెలనెలా వేసేవారు. కేర్‌టేకర్ కూడా వేయడం నేను చూశాను. మనవాళ్లనూ అడిగాను. అది మన పిల్లల కాలేజీ కాదు కదండీ అన్నారు ఒక పెద్దాయన. ఆ మాట నిజమే, అదే నా బాధ. ఆ అమ్మాయి పాసైంది, ఇప్పుడు ఈ ఊళ్లోనే ఫార్మసిస్టు. మీలో సగం మంది ఆమె దగ్గరే మందులు తెచ్చుకుంటారు.

మీరు అడగకముందే చెప్తాను. మా అబ్బాయిని నేనూ ఇక్కడ చేర్చలేదు. యాభై నిమిషాల రైలు ప్రయాణం చేయించి మార్కులు చూసి పిల్లల్ని ఏరుకునే గ్రామర్ స్కూలుకు పంపాను. ఫలానా స్కూలు అని చెప్పుకోవడానికి. అదే నెలలో స్టాఫ్ రూములో కూర్చుని మా కాలేజీకి పిల్లలు రావట్లేదని వాపోయాను. ఆ రైలు అర్ధగంట లేటైన ఒక రోజు వాడు ఫోన్ చేసి, అమ్మా, మీ కాలేజీ మన ఇంటికి ఎంత దూరం అన్నాడు. పన్నెండు నిమిషాలు, నడిస్తే. నేను చెప్పలేదు.

రెండో చీటీ కూడా వచ్చింది. దిగిపోతున్నాను. సెప్టెంబరుకు ఇంకా సీట్లున్నాయి. కోట్లు తగిలించే చోట బల్ల మీద అప్లికేషన్లు పెట్టాను. పన్నెండే తెచ్చాను. చాలకపోతే రేపు ఆఫీసు తొమ్మిదికి తీస్తారు.