ఫాగ్ లైటు వేస్తే టెంపరేచర్ ముల్లు లేస్తాది

అల్లుడు: మామా, రికార్డింగు మొదలైంది. ఫ్యాను ఆపినావా?

మామ: ఆపినా. పోయినసారి ఫ్యాను చప్పుడుకి మాట పడింది చాలు.

అల్లుడు: అందరికీ నమస్కారం. సంక్రాంతి నెల వచ్చేసింది, తెల్లారుజామున మంచు బాగా దిగతా ఉండాది. అందుకని ఈ వారం పికప్ బండికి రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే స్విచ్, పెట్టి ఫాగ్ లైట్లు కట్టుకోవడం మొదటి నుంచి చివరి దాకా చెప్తాం. ముందు కావలి నుంచి వచ్చిన వాయిస్ మెసేజి. ఆయన రొయ్యల లోడు తోల్తాడు. ఫాగ్ లైటు స్విచ్ వేస్తే కుడి పక్కది బాగా వెలగతా ఉండాది, ఎడమది గుడ్డిగా వెలగతా ఉండాది. పైగా మీటర్ బోర్డులో...

మామ: ఎర్తు.

అల్లుడు: పూర్తిగా విను. మీటర్ బోర్డులో టెంపరేచర్ ముల్లు పైకి లేస్తాది. లైటు ఆపితే కిందికి దిగుద్ది. రేడియేటర్లో నీళ్ళు సరిగ్గానే ఉండాయి.

మామ: ఇంజన్ వేడెక్కితే లైటు ఆపంగానే ముల్లు దిగుద్దా? అది ఎర్తే, అంటే కరెంటు బండి రేకు మీదుగా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారి. రొయ్యల బండంటే చెరువు కట్టల మీద తిరిగే బండి. ఆ ఉప్పు బురద బంపరు వెనకాల పోయి అతుక్కుంటాది. ట్రేల్లో ఐసు కరిగి కారే నీళ్ళు ఛాసిస్ మీద పడతానే ఉంటాయి. ఎర్తు బోల్టు పైకి బిగువుగానే ఉంటది, స్పానరు పెట్టినా తిరగదు. లోపల వైరు చివరుండే రింగు, అదే లుగ్గు, దానికీ రేకుకీ మధ్య తుప్పు పొర. కరెంటుకి పోను దారి లేక పక్కన ఏ వైరు దొరికితే ఆ వైరు పట్టుకుని పోద్ది. మీటర్ బోర్డు ఎర్తు కూడా ఆ బోల్టుకే ఉందనుకో, ముల్లు అబద్ధం చెప్తాది.

అల్లుడు: ఎట్ట కనుక్కోవాల?

మామ: లైటు వేసి పెట్టు. మల్టీమీటరు డీసీ వోల్టుల్లో పెట్టి ఒక పుల్ల బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి లైటు ఎర్తు వైరు మీద పెట్టు. 0.2 వోల్టు దాటితే ఆ దారి చెడిపోయినట్టే. మీటరు లేనోళ్ళు ఒక మందపాటి వైరుతో బ్యాటరీ నెగటివ్ నుంచి లైటు ఎర్తుకి నేరుగా కలిపి చూడండి. ఎడమ లైటు భగ్గుమని వెలిగిందా, బల్బు మీద ఖర్చు పెట్టబాకండి. బోల్టు ఊడదీసి, ఎమరీ పేపరుతో రేకు మెరిసేదాకా రుద్ది, కొత్త లుగ్గు వేసి బిగించి, పైన గ్రీజు పూయండి.

అల్లుడు: రెండోది పొదలకూరు నుంచి. నిమ్మకాయల బండి. ఫాగ్ లైట్లు వేసిన కాసేపటికి మీటర్ బోర్డు లైట్లు పూర్తిగా ఆరిపోతుండాయని చెప్తే, కట్టినాయన 10 ఆంపియర్ ఎర్ర ఫ్యూజు తీసేసి 30 ఆంపియర్ ఆకుపచ్చది వేసి ఇచ్చినాడంట.

మామ: (కాసేపు మౌనం) ఆ బండి ఇప్పుడు తిరగతా ఉండాదా?

అల్లుడు: తిరగతానే ఉంది.

మామ: అబ్బయ్యా, ఆయనకి ఈ రాత్రే ఫోన్ చెయ్యి. ఆ ఆకుపచ్చ ఫ్యూజు తీసెయ్యమని చెప్పు. మీటర్ బోర్డు వెనక సన్న వైరు నుంచి ఫాగ్ లైట్లకి లాగినారు. 55 వాట్ల బల్బులు రెండంటే 110 వాట్లు, బ్యాటరీ 12 వోల్టులతో భాగిస్తే 9 ఆంపియర్లు పైనే. ఆ వైరు మీద అప్పటికే వేరే బల్బులు ఉండాయి, అందుకే ఫ్యూజు పోయింది. ఫ్యూజు పోయి వైరుని కాపాడింది. 30 వేస్తే ఇంక ఫ్యూజు పోదు, వైరు కాలద్ది.

అల్లుడు: చాలా బండ్లలో మీటర్ బోర్డు లైట్లకీ వెనక పార్కింగ్ లైట్లకీ ఒకే ఫ్యూజు ఉంటది.

మామ: నా బాధ అదే. మీటర్ బోర్డు ఆరిపోతే డ్రైవరుకి తెలుస్తాది. వెనక లైట్లు ఆరిపోతే ఎవరికి తెలుస్తాది? ముందు ఫాగ్ లైటు పెట్టుకున్నాడు, దారి కనపడతా ఉందని ధైర్యంగా పోతాడు. వెనకొచ్చే లారీకి ఈ బండి కనపడదు. సింగరాయకొండ నుంచి నెల్లూరు దాకా హైవే పక్కన తెల్లారుజామున ఎన్ని బండ్లు లైటు లేకుండా ఆపి పెట్టుంటారో చూడు.

అల్లుడు: అవి కనపడాలనే పొడుగాటి ఎల్ఈడీ లైట్ల బారు పెట్టుకుంటామంటారు.

మామ: ఆ బారు మాటెత్తబాకు. క్యాబిన్ పైన పెడతారు. మంచులో పైనుంచి లైటు కొడితే కంటి ముందర తెల్ల పంచె ఆరేసినట్టే. ఎదురొచ్చే మనిషికి కళ్ళు పోతాయి. పసుపు పచ్చ లైటు పెట్టమను, మంచుని చీల్చుకుని పోద్ది.

అల్లుడు: అది మాత్రం ఒప్పుకోను మామా. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మంచు చుక్క 10 మైక్రాన్ల లెక్కలో ఉంటది, వెలుగు అలలు అర మైక్రాను. చుక్క అంత పెద్దదైతే పచ్చదైనా తెల్లదైనా ఒకే మాదిరి చెదిరిపోద్ది. రంగు చీల్చేదేం లేదు.

మామ: మరి ఫ్రాన్సు వాళ్ళు ఏళ్ళ తరబడి పచ్చ లైట్లు ఎందుకు పెట్టుకున్నారు?

అల్లుడు: చట్టం ఉండింది, 1993లో పోయింది. వెలుగులో నీలం రంగు తగ్గితే కంటికి గుచ్చుకునేది తగ్గుద్దనేది వాళ్ళ వాదం. దాని గురించి నేను కొట్లాడను. మంచులో పనిచేసేది మాత్రం లైటు ఎత్తు. బంపరు కింద ఉండాల, వెలుగు అడ్డంగా పరుచుకోవాల, పైకి పోకూడదు. అట్ట ఉంటే తెల్లదైనా దారి కనపడుద్ది.

మామ: కంటికి గుచ్చుకునేది తగ్గుద్దని నువ్వే అంటివి. ఇరవై టన్నుల లారీ ఎదురొస్తా ఉంటే కంటికి హాయి చిన్న విషయమా? రాత్రంతా తోలిన కన్ను అది.

అల్లుడు: చిన్న విషయం అనలా. చీల్చుకుని పోద్దని చెప్తే నమ్మి స్పీడు పెంచుతారు, అదీ నా భయం.

మామ: ...ఆ. స్పీడు మాట నిజమే. అది ఒప్పుకుంటా. పచ్చది వేసుకోండి, స్పీడు మాత్రం తగ్గించండి. కనపడినంత దూరంలో ఆగగలిగే స్పీడు.

అల్లుడు: ఆపాల్సొస్తే రోడ్డు దిగి పూర్తిగా పక్కకి ఆపండి.

మామ: టీ బంకు కాడ ఆపండి, హోటలు కాడ ఆపండి. తెల్ల గీత మీద మాత్రం ఆపబాకండి సామీ. రోజూ బయల్దేరే ముందు పార్కింగ్ లైటు వేసి, దిగి, వెనక్కి పోయి కంటితో చూసుకోండి. వెనక లైటు ఒకటి వెలగకపోతే హోల్డరులో...

అల్లుడు: ఎర్తు.

మామ: ఎర్తే. నవ్వబాకు. (బయట హారన్) బండొచ్చినట్టుండాది. చూసొస్తా, నువ్వు రిలే చెప్తా ఉండు.

అల్లుడు: సరే, రిలే తొందరగా చెప్పేస్తా. నాలుగు కాళ్ళుంటాయి, ఒక్కోదానికి ఒక నంబరు. 30 నంబరు కాలికి బ్యాటరీ పాజిటివ్ నుంచి మందపాటి వైరు, బ్యాటరీకి దగ్గరలోనే 15 ఆంపియర్ నీలం ఫ్యూజు. 87 నుంచి లైట్లకి. 86కి స్విచ్ నుంచి వైరు. మీటర్ బోర్డు వైరు నుంచి కరెంటు తీసుకోవాలంటే ఈ స్విచ్‌కి మాత్రమే తీసుకోండి. రిలే కాయిలు పావు ఆంపియరు కూడా తినదు కాబట్టి సన్న వైరుకి ఇబ్బంది లేదు. వైర్లు ఇంజన్ వేడికి, బానెట్ అంచుకి తగలకుండా ట్యూబులో పోవాల. రిలేని కాళ్ళు కిందికి ఉండేట్టు బిగించండి, నీళ్ళు నిలవవు. ఇంక 85...

మామ: (దూరం నుంచి) అల్లుడా, ఆ టెస్ట్ ల్యాంపు పట్టుకురా! పొదలకూరు బండి ఇదే!

అల్లుడు: వస్తుండా! 85 ఎర్తుకి. రంగు గీకిన రేకు మీదే బిగించండి. నేను పోవాల, ఉంటా.