స్నేక్ ప్లాంటుకు ఏ మట్టి?

శ్రోతలకు నమస్కారం.

ఈ మధ్య ఏ అపార్ట్‌మెంటు గుమ్మం దగ్గర చూసినా, ఏ ఆఫీసు రిసెప్షన్‌లో చూసినా స్నేక్ ప్లాంట్ ఉంటోంది. నీళ్లు పోయడం మరచిపోయినా బతుకుతుందని నర్సరీవాళ్లు ధైర్యం చెప్పి అమ్ముతారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ నీళ్లు పోస్తూ ఉంటేనే చచ్చిపోయిన స్నేక్ ప్లాంట్లు ఎన్నో. ఆకు మొదట్లో మెత్తబడి, పసుపెక్కి, ఒకరోజు పక్కకు వాలిపోతుంది. పట్టుకుని లాగితే ఊడి చేతికొస్తుంది, కుళ్లు వాసనతో. తప్పంతా నీళ్లదే అనుకుంటాం గానీ, ఆ నీటిని పోనివ్వకుండా పట్టుకున్న మట్టి సంగతి అడగం.

ఈ మొక్క పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా, నైజీరియా నుంచి కాంగో దాకా. చీటీ మీద సాన్సెవేరియా అని ఉన్నా, డ్రసీనా అని ఉన్నా కంగారు పడకండి, 2017లో వృక్షశాస్త్రజ్ఞులు దాని ఇంటిపేరు మార్చారు, అంతే. దీని చుట్టం ఒకటి మన కోస్తాలోనూ ఉంది, చాగ. పొడి నేలల్లో, రాళ్ల సందుల్లో పెరుగుతుంది. ఒకప్పుడు దాని నారతో వింటికి తాళ్లు పేనేవారు. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో తోట వేసి మన మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ పేరే దాని శాస్త్రీయ నామంలో ఉంది.

స్నేక్ ప్లాంట్ నీటిని తనలోనే దాచుకుంటుంది. ఆ దళసరి ఆకుల్లో కొంత, మట్టిలో అడ్డంగా పాకే దుంపలాంటి కాండంలో కొంత. ఆకు మీది రంధ్రాలను పగలు మూసుకుని రాత్రి తెరుస్తుంది కాబట్టి ఆవిరైపోయేది కూడా తక్కువే. ఇంత పొదుపరికి మట్టి నుంచి కావలసింది నీటికన్నా గాలి. వేరు కూడా ఊపిరి తీసుకుంటుంది. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ రోజుల తరబడి నీటితో నిండి ఉంటే వేరు ఊపిరాడక చస్తుంది, ఆ తర్వాత బూజు చేరి కుళ్లిస్తుంది. అందుకే ఈ మొక్కకు సారవంతమైన మట్టి ఏది అని వెతకడం నా దృష్టిలో దండగ. రేణువు ఎంత లావుగా ఉందో చూడండి చాలు.

ఇక్కడ మన ఇళ్లలో పాతుకుపోయిన ఒక అలవాటు గురించి చెప్పాలి. నీరు బాగా దిగుతుందని కుండీ అడుగున గులకరాళ్లో పెంకులో పరుస్తాం. నిజానికి అది మేలు చేయదు. సన్న మట్టిలో ఉన్న నీరు పెద్ద ఖాళీలున్న రాళ్లలోకి తేలిగ్గా జారదు. పై మట్టి పూర్తిగా నానిపోయి, ఇక పట్టుకోలేని స్థితి వచ్చాకే దిగుతుంది. తీగ మీద ఆరేసిన పంచె చూడండి, పైనంతా ఆరినా కింది అంచు తడిగానే ఉంటుంది. కుండీలో మట్టికీ అలాంటి తడి అంచు ఒకటి ఉంటుంది. రాళ్లు పరిస్తే ఆ అంచు పోదు, రాళ్ల ఎత్తున పైకి జరిగి వేర్లకు దగ్గరవుతుంది. కన్నం మూసుకుపోకుండా ఒక పెంకు ముక్కో, చిన్న జాలీ ముక్కో పెడితే చాలు. ఆ రాళ్లను అడుగున కాకుండా మట్టిలోనే కలిపేయండి, అప్పుడు పనికొస్తాయి.

ఇక ఏ మట్టి అంటారా. నల్లరేగడి వద్దు. తడిస్తే ఉబ్బి బంకలా పట్టేస్తుంది, ఎండితే బీటలు వారి వేళ్లను తెంపుతుంది. ఎర్రమట్టి మేలు, అయితే అదొక్కటే పోస్తే కొన్నాళ్లకు గట్టిపడుతుంది. ఎర్రమట్టి రెండు వంతులు, శనగగింజంత ఇటుక ముక్కలు గానీ దొడ్డు ఇసుక గానీ రెండు వంతులు, బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో ఒక వంతు. ఇసుక అన్నాం కదా అని గోడల ప్లాస్టరింగుకు జల్లించిన సన్న ఇసుక తేకండి. అది ఖాళీలను పూడ్చేస్తుంది. రాళ్లను మరపట్టి చేసే రోబో శాండ్ అయితే నీళ్లతో కడిగి, బూడిదలాంటి ఆ రాతి పొడిని వదిలించి వాడాలి. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, దాని జోలికి పోవద్దు. పెర్లైట్ అనే తేలికైన తెల్ల గుల్లరాయి పలుకులు దొరికితే మంచిదే, కానీ పగిలిన ఇటుక ఊరికే వస్తుంటే డబ్బులెందుకు? రైస్‌మిల్లు దగ్గర దొరికే నల్లగా కాలిన ఊక కూడా మట్టిని గుల్లగా ఉంచుతుంది. తెల్లబూడిద అయిపోయినది మాత్రం వద్దు.

కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు విషయంలో కొంచెం జాగ్రత్త. మోయడానికి తేలిక కాబట్టి నర్సరీల్లో చాలా మొక్కలు దాంట్లోనే వస్తాయి. తన బరువుకు ఎన్నో రెట్లు నీరు తాగి, రోజుల తరబడి వదలదు. తీరా పూర్తిగా ఎండిందంటే ముడుచుకుని కుండీ అంచు వదిలేస్తుంది. అప్పుడు పోసిన నీళ్లు పక్కలనుంచి జారి పళ్లెంలోకి వస్తాయి, వేరుకు అందవు. కొన్నిచోట్ల మొక్క వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. ఆ ముద్దను అలాగే కొత్త మట్టిలో పాతితే నీరు చుట్టూ దిగిపోయి, మధ్యలో ముద్ద తన దారిన తాను ఉంటుంది. వీలైనంత రాల్చేసి నాటండి. వేళ్లు కొన్ని తెగినా ఫరవాలేదు.

ఊరిని బట్టి పాళ్లు మారతాయి. కాకినాడలోనో విశాఖలోనో గాలిలోనే తేమ ఎక్కువ, అక్కడ ఇటుక ముక్కలు ఇంకాస్త పెంచండి. రామగుండంలో ఎండ తగిలే బాల్కనీలో ఉన్న మొక్కకు ఎరువు వంతు కొంచెం పెంచినా తట్టుకుంటుంది. ఏసీ గదిలో వెలుతురు తక్కువున్న మూల అయితే మట్టి ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది. అక్కడ మట్టి కుండీ మేలు, దాని గోడల్లోంచీ తడి ఆరుతుంది. అడుగున కన్నం లేని మెరిసే పింగాణీ కుండీలో ఎంత మంచి మిశ్రమం పోసినా లాభం లేదు. కలిపిన మట్టి సరైనదేనా అని అనుమానం వస్తే చెంబెడు నీళ్లు పోసి చూడండి. పైన గుంటకట్టి నిలబడితే ఇంకో రెండు గుప్పిళ్లు ఇటుక ముక్కలు పడాల్సిందే.

కుండీ, మట్టి మార్చడానికి ఫిబ్రవరి, మార్చి అనువైన నెలలు. ముసురు పట్టిన రోజుల్లో చేయకండి. పాత కుండీకన్నా రెండంగుళాల వెడల్పు ఎక్కువుంటే చాలు, మరీ పెద్దది పెడితే వేర్లు లేనిచోట మట్టి తడిగా మిగిలిపోతుంది. మెత్తబడిన దుంప ఉంటే గట్టి భాగం కనిపించేదాకా కోసేసి, కోత ఆరేదాకా రెండు మూడు రోజులు నీడలో ఉంచి నాటండి. నాటాక నాలుగైదు రోజులు నీళ్లు పోయకండి, తెగిన వేళ్లు మానాలి. తర్వాత ఎప్పుడు పోయాలన్నది చీపురుపుల్లతో తెలుస్తుంది. లోతుగా గుచ్చి తీస్తే మట్టి అంటుకోకుండా పొడిగా రావాలి.