ఒక తడి నీళ్లు, ఒక మాట: నీతి తత్వశాస్త్రంతో తొలి పరిచయం

[దృశ్యం: అనంతపురం జిల్లాలో చెనిక్కాయ చేను. ఎర్రనేల నెర్రెలిచ్చింది. దూరంగా బోరు మోటారు చప్పుడు.]

వ్యాఖ్యాత: ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపే వాన పడే నేల ఇది. చెనిక్కాయ ఊడలు దిగే వేళకి ఆ వానా మొహం చాటేసింది. నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగదు, కాయ కట్టదు. ఇప్పుడొక్క తడి పడితే పంట నిలబడుతుంది.

మీకు బోరుంది. మీ చేనుకు పోగా మిగిలే నీళ్లు ఒక పక్కకే సరిపోతాయి. "ఈసారి తడి నీకే మామా" అని పై చేను మామకు మాటిచ్చారు. తెల్లారేసరికి కింది పక్క చిన్న రైతులు ముగ్గురు గట్టు మీద నిలబడ్డారు. ముగ్గురి చేలూ కలిపితే మామ చేనంతే. అవే నీళ్లు, మూడిళ్లు గడుస్తాయి. వాల్వు ఎటు తిప్పుతారు?

ఎటు తిప్పాలో చెప్పి, ఎందుకో కూడా చెప్పమని నిలదీసేదే నీతి తత్వశాస్త్రం.

[తెర మీద: జెరెమీ బెంథామ్, 1789]

ఇంగ్లండువాడైన బెంథామ్ లెక్క వేస్తాడు. మొత్తం మీద ఏ పనితో ఎక్కువ సుఖం, తక్కువ బాధ కలుగుతాయో అదే సరైన పని. ఇది ఉపయోగితావాదం. మామ అయినంత మాత్రాన ఎక్కువ తూకం ఉండదు. నొప్పి తెలిసిన పశువుకూ లెక్కలో చోటుంది. అలాగైతే నీళ్లు కిందికే. కానీ రేపటినుంచి మీ మాట ఎవరూ నమ్మకపోతే, ఆ నష్టాన్నీ ఇదే లెక్కలో వెయ్యాలి. చాలామంది ఇది మరిచిపోతారు.

[తెర మీద: ఇమ్మాన్యుయేల్ కాంట్, 1785]

ఈ జర్మన్ తత్వవేత్త చెప్పిన ఉదాహరణ మన ఊళ్లోదే అనిపిస్తుంది: తీర్చలేనని తెలిసీ, తీరుస్తానని చెప్పి అప్పు తీసుకోవడం. అందరూ అలాగే చేస్తే అప్పిచ్చేవాడే ఉండడు. లోకం మాట మీద నిలబడితేనే మోసం పారుతుంది. మోసగాడు తనొక్కడికే మినహాయింపు రాసుకుంటాడు. మీరు మామను మోసం చెయ్యాలనుకోలేదు, నిజమే. అయినా విత్తనం కాయలూ చేబదులూ కాగితం లేకుండా చేతులు మారే చోట, కాంట్ మాట నన్ను గట్టిగా పట్టుకుంటుంది.

ప్రాచీన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ వాల్వు కంటే ముందు మనిషిని చూస్తాడు. ఔదార్యం పిసినారితనానికీ దుబారాకూ నడుమ ఉంటుంది. అది అలవాటుతో వస్తుంది. ఎంత, ఎప్పుడు, ఎవరికి అన్నది వివేకం చెబుతుంది.

[తెర మీద: డబ్ల్యు.డి. రాస్, 1930]

నాకు ఎక్కువ దారి చూపింది బ్రిటిష్ తత్వవేత్త రాస్. మాట నిలుపుకోవడం, మేలుకు బదులు మేలు, ఆపదలో సాయం... బాధ్యతలు చాలా ఉన్నాయంటాడు. ఏదీ ప్రతిసారీ గెలవదు. ఓడిన బాధ్యత మాత్రం చెరిగిపోదు, బాకీగా మిగులుతుంది.

[దృశ్యం: తెల్లవారుజాము. మామ ఇంటి అరుగు.]

నేనైతే నీళ్లు కిందికే వదులుతాను. కానీ కరెంటు రాకముందే మామ ఇంటికి పోతాను. ఇచ్చిన మాటనుంచి నన్ను విడిపించగలిగేది ఆయనొక్కడే. "సరేలే అల్లుడూ, వాళ్లకే పారించు" అన్నాడా, నేను మాట తప్పినట్టే కాదు. ససేమిరా అంటే, ఆయనకు పోయే పంటలో నేను భరించాల్సింది ఎన్ని మూటలో ఆ అరుగు మీదే తేల్చుకుని లేస్తాను.